రూ.8,600 ఆఫ్తాల్మోస్కోప్: మార్కులు ఎవరివి వాళ్ళకి

కంటి ఆస్పత్రికి వెళ్తే గదిలో డాక్టరు లైటు తీసేసి, చిన్న టార్చిలాంటిదాన్ని తన కంటికి ఆనించుకుని, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరికొచ్చి మన కంట్లోకి తొంగి చూస్తారు. పొద్దున ఎదుటి మనిషి ఇడ్లీలోకి వెల్లుల్లి కారం వేసుకున్నారో లేదో కూడా ఆ దూరంలో తెలిసిపోతుంది. ఆ టార్చి పేరు డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్. ఈ రివ్యూ దాని గురించే.

నేను తెనాలిలో ఆప్టోమెట్రిస్ట్‌ని. పొద్దున ఒక కంటి డాక్టరుగారి క్లినిక్‌లో, సాయంత్రం కళ్ళజోళ్ళ షాపులో పని. తొమ్మిదేళ్ళుగా ఇదే. క్లినిక్‌లో ఉన్న ఆఫ్తాల్మోస్కోప్ డాక్టరుగారి సొంతం. ఆయన దాన్ని చేతిగడియారంలా చూసుకుంటారు, ఇంకొకరు ముట్టుకుంటే మొహం మారిపోతుంది. అందుకని షాపులో నాకంటూ ఒకటుండాలని మొన్న ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో రూ.8,600 పెట్టి కొన్నాను. కంపెనీ పేరు మాత్రం రాయను, కింద కొన్ని తిట్లున్నాయి కాబట్టి.

రాయడానికి కూర్చుంటే నాకే నవ్వొచ్చింది. ఇందులో నాకు నచ్చినవన్నీ 170 ఏళ్ళ పైమాటే. ఒక జర్మన్ ఫిజియాలజిస్టు, ఆయనకి పనిముట్లు చేసిపెట్టిన ఒక మెకానిక్కు ఆలోచించి పెట్టినవి. విసుగు తెప్పించినవన్నీ మాత్రం కంపెనీ వాళ్ళు సొంతంగా కలిపినవి. కాబట్టి మార్కులు ఎవరివి వాళ్ళకే వేస్తాను.

ముందు పెట్టె సంగతి. జిప్పు ఉన్న నల్ల సంచీ, అందులో తల ఒకటి, పిడి ఒకటి. పిడిలో రెండు పెన్‌టార్చి సెల్లులు పడతాయి, అవి మనమే కొనుక్కోవాలి. వాడే విధానం రాసిన కాగితం ఉంది గానీ అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కంటి పరికరంతో చత్వారం ఉన్నవాళ్ళు చదవలేని కాగితం పంపడానికి గుండెధైర్యం కావాలి. తలకి పైన కనుబొమ్మకి ఆనించుకునే రబ్బరు, పక్కన వేలితో తిప్పే లెన్సుల చక్రం, ఏ నంబరు మీద ఉన్నామో చూపించే చిన్న కిటికీ, వెలుగు వలయాన్ని పెద్దదీ చిన్నదీ చేసే మీట, రక్తనాళాలు నల్లగా తేలి కనపడటానికి ఆకుపచ్చ ఫిల్టరు. లెన్సులు +20 నుంచి −20 దాకా ఉన్నాయి. షాపు పనికి ఇది చాలా ఎక్కువ.

ఇది చేసే పని ఏంటో తెలియాలంటే ఒక ప్రశ్న వేసుకోవాలి. కనుపాప నల్లగా ఎందుకుంటుంది? వెనక చీకటేం లేదు. అక్కడ నారింజ ఎరుపు రంగులో రెటీనా, అంటే కంటి లోపల వెనక గోడకున్న పొర ఉంది. ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే కళ్ళు ఎర్రగా పడేది అందుకే. మరి మామూలుగా చూస్తే ఎందుకు కనపడదు? కంట్లోకి దీపం వెలుగు వెళ్తుంది, రెటీనా మీద పడుతుంది, అక్కణ్ణించి వచ్చిన దారినే తిరిగి దీపం దగ్గరికే వెళ్తుంది. అది మనకి కనపడాలంటే దీపం ఉన్న చోట మన కన్ను ఉండాలి. అక్కడ కన్ను పెడితే మన తలే దీపానికి అడ్డం. దీపాన్ని ముందుకి తెస్తే దీపమే మన చూపుకి అడ్డం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

1850 వరకు కంటి వైద్యులందరూ ఈ నల్ల గుండ్రం ముందే ఆగిపోయారు. శుక్లమైతే తెల్లగా కనిపిస్తుంది, తెలుస్తుంది. కన్ను పైకి శుభ్రంగా ఉండి చూపు పోతే ఏం చెప్పాలి? డాక్టరుకీ ఏమీ కనపడదు, రోగికీ ఏమీ కనపడదు, అదే ఆ జబ్బు అని అప్పటి వైద్యుల మీద ఒక జోకు కూడా ఉండేది.

ఆ ముడి విప్పినాయన హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్. అప్పటికి వయసు 29. కోనిగ్స్‌బెర్గ్ యూనివర్సిటీలో ఫిజియాలజీ చెప్పేవారు. ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది, కాలినిన్‌గ్రాడ్ అంటున్నారు. ఆయనకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నది ఎర్న్‌స్ట్ బ్రూకె. ఇద్దరూ స్నేహితులు, ఒకే గురువు శిష్యులు. దీపాన్ని, చూపుని దాదాపు ఒకే గీత మీదకి తెస్తే మనిషి కన్ను కూడా పిల్లి కన్నులా మెరుస్తుందని బ్రూకె 1847లోనే చూపించారు. హెల్మ్‌హోల్ట్జ్ దాన్నే క్లాసులో పిల్లలకి చెప్పడానికి సిద్ధమవుతూ ఒక్క ప్రశ్న అదనంగా వేసుకున్నారు: మెరిసే కంట్లోంచి బయటికొచ్చే ఆ కిరణాలు ఏ బొమ్మని మోసుకొస్తున్నాయి? బ్రూకె వెంట్రుకవాసిలో తప్పిపోయారని, ఆయన పనికి ఆ ప్రశ్న అవసరం పడలేదని హెల్మ్‌హోల్ట్జే తర్వాత చెప్పుకున్నారు. స్నేహితుణ్ణి తక్కువ చేయకుండా ఎంత బాగా చెప్పారో.

నాకు ఇంకా ఇష్టమైనది పాఠం చెప్పడానికి సిద్ధమవుతుంటే తట్టడం. మా కాలేజీలో ఇరవయ్యేళ్ళనాటి నోట్సు పట్టుకొచ్చి చదివిన లెక్చరర్లని చూశాను కాబట్టి ఇష్టం కాస్త ఎక్కువేమో.

ఆయన చేసిన ఉపాయం ఇది. దీపాన్ని రోగి పక్కన పెట్టారు. తన కంటికీ రోగి కంటికీ మధ్య పల్చటి గాజు పలకల్ని ఏటవాలుగా నిలబెట్టారు. గాజు కొంత వెలుగుని అద్దంలా తిప్పి రోగి కంట్లోకి పంపుతుంది. తిరిగొచ్చే వెలుగులో కొంత గాజులోంచి నేరుగా దూరి చూసేవాడి కంట్లోకి వస్తుంది. గాజు వెనక ఒక పుటాకార కటకం పెడితే బొమ్మ తేటపడుతుంది. అంతే సంగతి. కళ్ళజోళ్ళ లెన్సులు, మైక్రోస్కోపు కింద పెట్టే కవర్ గ్లాసులు, అట్టముక్క, జిగురు, ఇవే సామాను. దాంతో కుస్తీ పడితే సుమారు ఎనిమిది రోజులకి బతికున్న మనిషి రెటీనా కనపడింది. కనపడి తీరుతుందని సిద్ధాంతం గట్టిగా చెప్తోంది కాబట్టి పట్టు విడవలేదు, లేకపోతే మధ్యలోనే వదిలేసేవాణ్ణేమో అని తర్వాత ఒప్పుకున్నారు. 1850 డిసెంబరు 6న బెర్లిన్ ఫిజికల్ సొసైటీ ముందుకి ఆ సంగతి వెళ్ళింది. పదకొండు రోజుల తర్వాత నాన్నకి ఉత్తరం రాస్తూ, హైస్కూల్లో నేర్చుకున్న ఆప్టిక్స్ తప్ప దీనికి ఇంకేం అక్కర్లేకపోయింది, ఇన్నాళ్ళు నాతో సహా ఎవరికీ తట్టకపోవడమే నవ్వులాటగా ఉంది అన్నారు.

తట్టినవాళ్ళు లేకపోలేదు. లెక్కలు చేసే యంత్రాలతో పేరు పడిన ఇంగ్లండు చార్లెస్ బాబేజ్ 1847లోనే ఇలాంటిది ఒకటి చేసి ఒక కంటి వైద్యుడికి చూపించారు. ఆ వైద్యుడు పట్టించుకోలేదు. సంగతి 1854లో గానీ బయటికి రాలేదు. అప్పటికి హెల్మ్‌హోల్ట్జ్ పుస్తకం అచ్చయి మూడేళ్ళు.

ఇక నేను కొన్నదానికొస్తాను. ఆలోచనకి, అంటే చూపూ వెలుగూ ఒకే దారిలో నడిచే ఏర్పాటుకి, ఐదుకి ఐదు. ఇందులో గాజు పలకలుండవు, చిన్న అద్దమో ప్రిజమో వెలుగుని మలుపుతుంది, మన చూపు దాని అంచు మీదుగా వెళ్తుంది. ఆ పలకలు మసకగా ఉండటంతో ఏడాది రెండేళ్ళలోనే వేరేవాళ్ళు మధ్యలో చిల్లున్న అద్దాలు తెచ్చారు. పలకలు పోయాయి, చూపూ వెలుగూ నడిచే ఆ ఒకే గీత మిగిలింది.

మిగిలింది ఇంకొకటి కూడా ఉంది. అదే నా వేలి కింద టిక్ టిక్‌మనే చక్రం. మొదటి నమూనాలో ఒక్కో రోగికి, చూసేవాడి సైటుకి తగ్గట్టు లెన్సు తీసి లెన్సు పెట్టుకోవాలి. కోనిగ్స్‌బెర్గ్‌లో హెల్మ్‌హోల్ట్జ్‌కి పరికరాలు చేసిపెట్టే రెకోస్ అనే ఆయన 1852లో లెన్సులన్నింటినీ తిరిగే బిళ్ళలకి బిగించాడు. వేలితో తిప్పితే చాలు, తర్వాతి లెన్సు కంటి ముందుకొస్తుంది. ఈ రోజుకీ దాని పేరు రెకోస్ డిస్క్. ప్రొఫెసరుగారు పెట్టిన గాజు రెండేళ్ళు నిలవలేదు గానీ మెకానిక్కు పెట్టిన చక్రం నా షాపు డ్రాయర్లో ఉంది. నాకు −3.5 సైటు. జోడు తీసేసి చూసేటప్పుడు చక్రాన్ని ముందు నా నంబరుకి, తర్వాత ఎదుటివాళ్ళ నంబరు కలుపుకుని తిప్పుకుంటాను. ఇప్పుడా చెయ్యి ఆలోచించకుండానే తిరుగుతుంది.

నేను కొన్నదాంట్లో ఈ చక్రమే మొదటి నస. ఒక్కో అంకె దగ్గర గట్టిగా ఆగాలి. −4, −5 మధ్య ఇది సగంలో నిలబడిపోతుంది. రెండు లెన్సుల అంచులూ కలిసి కంటి ముందుకొస్తాయి. చూస్తున్న నరం రెండుగా చీలిపోతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలైతే అదేదో జబ్బనుకుంటారు. 1852లో ఒక మెకానిక్కు చేతిపనిగా చేసినదాన్ని ఇప్పుడు యంత్రాల మీద చేసి కూడా సరిగ్గా ఆపలేకపోవడం ఏంటో.

రెండోది లైటు. ఇందులో ఎల్‌ఈడీ ఉంది. "మేడమ్, పదివేల గంటలు వెలుగుతుంది, బల్బు మార్చే పనే లేదు" అని అమ్మినాయన ఫోన్లో తెగ మెచ్చుకున్నాడు. వెలుగుతుంది, కాదనను. కానీ నీలంగా వెలుగుతుంది, ట్యూబులైటులా. రెటీనా చూడటంలో సగం పని రంగు చూడటమే. కంటి నరం మొదలయ్యే చోటు, ఆప్టిక్ డిస్క్ అంటాం, లేత గులాబీ ఛాయలో ఉండాలి. అది పాలిపోతే నరం దెబ్బతిందని అనుమానం. మొదటిరోజు మా షాపు కుర్రాడి కన్ను దీంతో చూసి గుండె ఆగినంత పనైంది. ఇరవై రెండేళ్ళవాడికి నరం ఇంత తెల్లగానా అని టెన్షన్ పడి, మర్నాడు క్లినిక్‌కి తీసుకెళ్ళి డాక్టరుగారి పాత హాలోజన్ దాంతో చూస్తే చక్కటి గులాబీ. వాడికేం కాలేదు. వాడు మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదట. మీరు కొనేటట్టయితే ముందు ఆ లైటు మీ అరచేతి మీద వేసి చూడండి. చెయ్యి శవం చెయ్యిలా కనపడితే తిప్పి పంపేయండి.

మూడోది పెద్దది. పందొమ్మిదో రోజు, చూస్తుండగానే లైటు ఆరిపోయింది. పిడికీ తలకీ మధ్య స్ప్రింగు వదులు. కొట్టితే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది, పాత రేడియోలాగ. కంపెనీకి ఫోను చేస్తే కొరియర్ వస్తుందన్నారు. వచ్చింది, తీసుకెళ్ళింది, బాగుచేసిన సరుకు తిరిగి రావడానికి పదకొండు రోజులు.

ఆ పదకొండు రోజులే నాకు అసలు లాభం. హెల్మ్‌హోల్ట్జ్ అట్టముక్కతో ఎనిమిది రోజుల్లో చేస్తే, సామానంతా చేతిలో పెట్టుకుని నేను చెయ్యలేనా అని పంతం పట్టింది. అక్క ల్యాబులో పనిచేస్తుంది, ఆవిణ్ణడిగి కవర్ గ్లాసుల డబ్బా తెచ్చాను. నాలుగు గాజుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చాను. వేలి ముద్రలు పడి రెండు, తుడుస్తుంటే పగిలి మూడు పోయాయి. అవి ఉల్లిపొర కంటే కాస్త నయం, అంతే. ఫ్రేము వచ్చిన అట్టపెట్టెని కోసి, లోపల నల్ల చార్టు అంటించి, పక్కన ఒక కిటికీ, ఎదర ఒకటి, వెనక ఒకటి తెరిచాను. గాజుల్ని ఏటవాలుగా ఫెవికాల్‌తో నిలబెట్టాను. వెనక కిటికీకి ట్రయల్ సెట్టులోంచి, అంటే సైటు పరీక్షకి వాడే లెన్సుల పెట్టెలోంచి, మైనస్ లెన్సు.

రాత్రి తొమ్మిదింటికి షట్టరు దించి, మా కుర్రాణ్ణే కూర్చోబెట్టాను. "మేడమ్, మళ్ళీ తెల్లగా ఉందంటారా?" అన్నాడు పాపం. వాడి చెవి పక్కన కొవ్వొత్తి పెట్టాను. మొదట ఏమీ లేదు. నల్లగుడ్డు మీద కొవ్వొత్తి బొమ్మ మెరుస్తోంది, అంతే. అట్టని అటూ ఇటూ కదిపితే ఒక్కసారి కనుపాప ఆరిపోతున్న నిప్పు రంగులో వెలిగింది. లోపల ఏ గీతా లేదు. కొవ్వొత్తి తీసేసి, టార్చికి బటర్ పేపరు చుట్టి పెట్టాను. లెన్సు −3, −4, −6, నా సైటు లెక్క వేసుకుని −7. మెడ పట్టేసింది. వాడు రెప్పలు ఆర్పుతున్నాడు. "దూరంగా క్యాలెండరు మీద అమ్మవారి బొమ్మ చూడరా" అన్నాను, చీకట్లో క్యాలెండరు కనపడదని ఇద్దరికీ తెలుసు. అప్పుడు ఎర్రటి మసకలో ఒక ముదురు గీత జరిగింది. కాసేపటికి అది రెండుగా చీలే చోటు. నాళం. మూడు నాలుగు సెకన్లు, మళ్ళీ పోయింది.

రోజుకి ముప్ఫై కళ్ళు చూసేదాన్ని, ఆ గీత చూసి కేక పెట్టాను. పక్క మెడికల్ షాపాయన షట్టరు తట్టి ఏమైందమ్మా అని అడిగాడు.

ఇందులో హెల్మ్‌హోల్ట్జ్ కష్టం ఏంటో నాకు తెలిసింది. నాకు అక్కడేముంటుందో ముందే తెలుసు. నాళం ఎలా ఉంటుందో, ఎటు వైపు తిరిగితే డిస్కు వస్తుందో వేలసార్లు చూశాను. ఆయనకి అక్కడ ఏం కనపడాలో చెప్పేవాళ్ళే లేరు.

అంత పట్టు ఆ మనిషికి ఎక్కణ్ణించి వచ్చిందా అని చదివితే, ఇంట్లో డబ్బుల్లేకపోవడం దగ్గర మొదలైంది. 1821లో పోట్స్‌డామ్‌లో పుట్టారు. నాన్న హైస్కూలు మాస్టారు. కొడుక్కి ఫిజిక్స్ మీద ప్రాణం, నాన్న జీతంలో అది కుదరదు. ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) సైన్యం వాళ్ళ వైద్య విద్యాలయంలో చదువు ఉచితం, బదులుగా ఎనిమిదేళ్ళు సైన్యంలో డాక్టరుగా చెయ్యాలి. చేరారు. ఫిజిక్స్ అన్నం పెట్టదురా, డాక్టరీ చదువు అనే మాట మన ఇళ్ళల్లోనే అనుకునేదాన్ని. చదువుకునే రోజుల్లో టైఫస్ జ్వరం వచ్చి ఆస్పత్రిలో పడ్డారు. విద్యార్థి కాబట్టి వైద్యం ఖర్చు లేదు, ఆ నెలల స్టైపెండు మిగిలింది. దాంతో మైక్రోస్కోపు కొనుక్కున్నారు. ఆ మైక్రోస్కోపుతోనే 1842లో డాక్టరేటుకి వెన్నెముక లేని జీవుల నరాల మీద పనిచేశారు. తర్వాత పోట్స్‌డామ్ బ్యారక్‌లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకున్నారు. శక్తి పుట్టదు, నశించదు, రూపం మారుతుందని ఇప్పుడు పదో తరగతి పిల్లలు బట్టీ పట్టే సంగతిని 1847లో వ్యాసంగా చదివారు. అప్పటికి పాతికేళ్ళు, ఉద్యోగం సైన్యంలో డాక్టరు. పేరున్న పత్రిక వేసుకోనంది, విడిగా అచ్చు వేయించుకున్నారు.

కళ్ళ పని కంటే ముందు కప్ప పని చేశారు. నరంలో సందేశం ఎంత వేగంగా వెళ్తుందో కొలవడం ఎప్పటికీ సాధ్యం కాదేమోనని ఆయన గురువు యోహానెస్ ముల్లర్ రాసి పెట్టారు. శిష్యుడు కప్ప కాలి కండరాన్ని నరంతో సహా తీసుకుని, నరాన్ని ఒకసారి కండరానికి దగ్గర్లో, ఒకసారి దూరంగా కరెంటుతో తాకించారు. కండరం ముడుచుకోగానే సర్క్యూటు తెగుతుంది. ఆ లోపల పారిన కరెంటు అయస్కాంతపు సూదిని ఎంత కదిపిందో చూసి కాలం లెక్కకట్టారు. రెండు చోట్లకీ తేడానే సందేశం నడిచిన కాలం. భార్య ఓల్గా పక్కన కూర్చుని అంకెలు రాసుకునేవారు. సెకనుకి సుమారు 27 మీటర్లు తేలింది. మన హైవే మీద కారు వేగం, అంతే! మనసులో అనుకోగానే చెయ్యి కదులుతుందని నమ్మినవాళ్ళకి ఇది మింగుడు పడలేదు, వాళ్ళ నాన్నకి కూడా.

ఆఫ్తాల్మోస్కోప్ అలా కాదు, వెంటనే అందరికీ కావలసి వచ్చింది. బెర్లిన్‌లో ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె అనే కంటి వైద్యుడు దాన్ని చేతిలోకి తీసుకుని కంటి వైద్యాన్నే తిరగరాశారు. నీటికాసుల జబ్బులో డిస్కు మారే తీరు చూడగలిగింది ఈ పరికరం వల్లే. వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. జబ్బు కంట్లోకి అంత వెలుగు వేయడం ప్రమాదమని ఒక సర్జన్ అన్నారట. చూపు మందగించిన డాక్టర్లకి పనికొస్తుందేమో, నా కళ్ళు బాగున్నాయి కాబట్టి నాకక్కర్లేదు అని ఇంకొకాయన అన్నారట. ఈ రెండూ హెల్మ్‌హోల్ట్జే చెప్పిన కథలు. స్కానింగ్ మిషన్ ఉండగా ఇదెందుకమ్మా అని నన్నడిగే కుర్ర డాక్టర్లని చూస్తే ఆ రెండో ఆయనే గుర్తొస్తాడు.

హెల్మ్‌హోల్ట్జ్ మిగతా పనులు ఇక్కడ రాయడం మొదలుపెడితే ఇది రివ్యూ కాదు. చెవి, సంగీతం, రంగులు, ఆఖర్న 1871 నుంచి బెర్లిన్‌లో తను మొదట కోరుకున్న ఫిజిక్స్ కుర్చీ. ఓల్గాకి ఊపిరితిత్తుల జబ్బు, కోనిగ్స్‌బెర్గ్ చలి పడలేదు. ఆవిడ కోసం 1855లో బాన్‌కి మారారు. 1858లో హైడెల్‌బెర్గ్ వెళ్ళిన మరుసటి ఏడాదే ఆవిడ పోయారు.

రెండు సంగతులు మాత్రం చెప్పాలి, ఎందుకంటే వాటి మీదే నా జీతం నడుస్తోంది. శుక్లం ఆపరేషన్‌కి ముందు నల్లగుడ్డు వంపు కొలుస్తాం. లోపల పెట్టే లెన్సు నంబరు లెక్కకి అది కావాలి. కొలిచే కెరటోమీటరుకి తాత ఆయన చేసిన ఆఫ్తాల్మోమీటరే. రెండోది చత్వారం. షాపుకొచ్చే నలభై దాటినవాళ్ళందరూ పేపరు దూరంగా పట్టుకుని "చెయ్యి పొడవు చాలట్లేదమ్మా" అంటారు. దగ్గరవి చూడాలంటే కంట్లో ఒక కండరం బిగుస్తుంది, అది బిగిస్తే లెన్సుని పట్టుకున్న దారాలు వదులవుతాయి, దారాలు వదులైతే లెన్సు ఉబ్బుతుంది. బిగిస్తే వదులవడం! చదువుకునేటప్పుడు ఇది నాకు తలకెక్కడానికి వారం పట్టింది. 1855లో ఈ మాట చెప్పింది ఆయనే. వయసుతో లెన్సు గట్టిపడుతుంది, ఉబ్బడం మానేస్తుంది, వాళ్ళు నా దగ్గరికొస్తారు.

బాగుచేసిన సరుకు పన్నెండో రోజు వచ్చింది. స్ప్రింగు మార్చారు, ఇప్పటిదాకా మళ్ళీ ఆరలేదు. చక్రం అలాగే ఉంది. లైటుకి నేనే సన్నటి పసుపు జెలటిన్ ముక్క కోసి అంటించాను, రంగు కాస్త నయం. కనుబొమ్మ రబ్బరు బాగుంది, జోడు మీద గీతలు పడవు. బరువు తక్కువ, జేబులో పడుతుంది. చంటిపిల్లల కళ్ళకి చేతి దూరం నుంచి వెలుగు వేసి రెండు కనుపాపలూ ఒకేలా ఎర్రగా మెరుస్తున్నాయా అని చూడటానికి భేషుగ్గా పనిచేస్తుంది. ఒకదాంట్లో తెల్లగా మెరిస్తే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పంపాలి, ఆ ఒక్క పనికైనా ఇది షాపులో ఉండాలి.

పరిమితి కూడా చెప్పాలి, ఇది కంపెనీ తప్పు కాదు. బొమ్మని పదిహేను రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, కాబట్టి ఒక్కసారికి కనపడేది చిటికెడు చోటు. తాళం కన్నంలోంచి పెళ్ళి పందిరి చూసినట్టే. మా పెదనాన్నకి షుగరొచ్చి పద్నాలుగేళ్ళు. కనుపాప పెద్దదయ్యేలా చుక్కల మందు వేస్తే నాలుగు గంటలు మసకేస్తుందని, పేకాట పోతుందని ఆయన బాధ. "ఏదో కొన్నావంటగా, మందు లేకుండా చూసెయ్యవే అమ్మాయ్" అన్నారు. చూశాను. ఆయన కనుపాప మిరియపు గింజంత, లోపల శుక్లం మొదలైంది. డిస్కులో సగం కనపడింది, మిగతాదంతా పొగమంచు. అలా చూసి బాగుందని చెప్తే అది అబద్ధం. మందు వేసి చూడాల్సిందేనని క్లినిక్‌కి తీసుకెళ్ళాను. డాక్టరుగారు చూసి అక్కడక్కడా చిన్న ఎర్ర చుక్కలున్నాయని, షుగరు అదుపులో పెట్టి మూడు నెలలకి మళ్ళీ రమ్మన్నారు.

లెక్క తేలుస్తున్నా. హెల్మ్‌హోల్ట్జ్‌కి ఐదుకి ఐదు. రెకోస్‌కి ఐదుకి ఐదు, చక్రం సరిగ్గా చేసిన కంపెనీదైతే. ఈ కంపెనీకి రెండున్నర. అందులో ఒకటి రబ్బరుకి, ఒకటి పోస్టుఖర్చు అడక్కుండా స్ప్రింగు మార్చినందుకు, అర జిప్పు సంచీకి. ఇంకో మూడు నాలుగు వేలు పెట్టగలిగితే హాలోజన్ బల్బుదో, వెచ్చటి రంగు ఎల్‌ఈడీదో తీసుకోండి.

ఆ అట్టపెట్టె కౌంటరు మీదే ఉంది. పెదనాన్న మొన్నొచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "వచ్చే నెల చెకప్పు దీంతో చేసెయ్యి, దీనికి కరెంటే అక్కర్లేదు, చుక్కలెందుకు?" అంటున్నారు.